జెంకిన్సన్ చేతిలో కాగితపు చుట్ట

పోయినేడాది ఒక ఆదివారం సాయంత్రం ఫార్ములా వన్ రేసు చూస్తుండగా అక్కడ వాన పట్టుకుంది. ఎర్రజెండా ఊపారు. కార్లన్నీ వరసగా పిట్‌లేన్‌లోకి వచ్చి ఆగిపోయాయి. పక్కనున్న స్నేహితుడికి విసుగొచ్చింది. "వానకే ఆపేస్తే ఇంకేం రేసురా? 1950ల్లో వాళ్ళని చూడాలి. బెల్టు లేదు, పైకప్పు లేదు, రోడ్డు పక్కనే చెట్లు. చావంటే లెక్కే లేదు. మగాళ్ళంటే వాళ్ళురా" అన్నాడు.

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ఆ కాలపు స్పోర్ట్స్ కార్ల బొమ్మ ఎక్కడ కనబడినా ఈ పొగడ్త దాని వెంటే వస్తుంది. ఆ తరం డ్రైవర్లంటే నాకు ప్రాణం. అందుకే ఆ పొగడ్త వింటే మనసు కష్టపడుతుంది. వాళ్ళు నిజంగా సాధించినదాన్ని వదిలేసి, వాళ్ళ నెత్తిన ఇతరులు పెట్టిన దాన్ని మెచ్చుకుంటున్నాం. ఆ దశాబ్దపు గొప్పతనం వాళ్ళ శ్రద్ధలో ఉంది, తయారీలో ఉంది, కంటికీ చేతికీ మధ్య ఉన్న పనితనంలో ఉంది. చావు మాత్రం రోడ్డు వేసినవాళ్ళూ, రేసు నడిపినవాళ్ళూ, కార్లు కట్టిన కంపెనీలూ సమకూర్చి పెట్టింది. ఈ రెంటినీ విడదీసి చూడాలని నా వాదన. విడదీయడం అనుకున్నంత సులువు కాదని కూడా నాకు తెలుసు.

మిల్లె మిల్యా, 1955

మిల్లె మిల్యా అప్పట్లో ఇటలీలో జరిగిన రోడ్డు రేసు. మే 1న ఆ దేశంలోని బ్రెషాలో 722 నంబరు మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉదయం 7:22కి బయల్దేరింది. బయల్దేరే సమయమే కారు నంబరు. స్టీరింగు దగ్గర పాతికేళ్ళ స్టిర్లింగ్ మాస్. పక్కన గడ్డం పెంచుకున్న ఒక పొట్టి మనిషి, పత్రికా రచయిత డెనిస్ జెంకిన్సన్. మామూలు జనం తిరిగే రోడ్ల మీద, ఊళ్ళ మధ్యనుంచి, కొండలెక్కి దిగి రోముకు పోయి మళ్ళీ బ్రెషాకు రావాలి. దాదాపు 1,600 కిలోమీటర్లు. దాన్ని 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. సగటున గంటకు 157 కిలోమీటర్ల పైమాట. ఆ రేసులో ఆ సమయాన్ని తర్వాత ఎవ్వరూ అందుకోలేదు.

తెగింపు గురించి చెప్పేవాళ్ళందరికీ ఇదే మొదటి ఉదాహరణ. కానీ ఆ రోజు కారులో ఏం జరిగిందో చూడండి. జెంకిన్సన్ ఒళ్ళో ఒక అల్యూమినియం పెట్టె. అందులో రెండు కడ్డీలకు చుట్టిన కాగితం, విప్పితే దాదాపు 5 మీటర్లు. పైన పారదర్శకమైన కిటికీ. కడ్డీ తిప్పుతుంటే రోడ్డు ముందుకు జరుగుతున్నట్టే కాగితమూ జరుగుతుంది. ఏ మలుపు ఎంత ప్రమాదం, ఏ రైలుగేటు దగ్గర గతుకు, ఏ మిట్ట దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఫిబ్రవరి నుంచీ ఆ దారిలో మళ్ళీ మళ్ళీ తిరిగి, ఆగి, రాసుకుని, దిద్దుకుని తయారుచేసిన కాగితం అది. ఆ తిరుగుళ్ళలో ఒకసారి కారు మిలిటరీ ట్రక్కును గుద్దుకుంది కూడా.

ఆ కాగితంలో ఉన్నది మాస్‌కు ఎలా చేరవేయాలన్నది ఇంకో సమస్య. మైకూ ఇయర్‌ఫోనూ పెట్టి చూశారు. మామూలుగా నడుపుతున్నప్పుడు బాగానే పనిచేసింది. రేసు వేగంలో మాత్రం మాస్ చెవికి ఏమీ ఎక్కలేదు. యంత్రం లోపం కాదు. మనసంతా కళ్ళలో పెట్టి నడిపేవాడికి మాట వినపడదని జెంకిన్సన్ గ్రహించాడు. అప్పుడు చేతి సైగలు తయారుచేసుకున్నారు, ఓ పదిహేను దాకా. మిట్ట అవతల ఏముందో కనపడని చోట, గంటకు 270 కిలోమీటర్ల వేగంలో, పక్కవాడి చెయ్యి 'పోనీ' అంటే మాస్ కాలు తీయకుండా పోనిచ్చాడు. మిట్ట మీద కారు గాల్లోకి లేచింది. అవతల జెంకిన్సన్ రాసినట్టే రోడ్డు తిన్నగా ఉంది.

ఇది చూసినవాళ్ళు పిచ్చి ధైర్యం అనుకోవచ్చు. నాకు మాత్రం అక్కడ రెండు నెలల చాకిరీ కనిపిస్తుంది. దారిలో జెంకిన్సన్‌కు కడుపులో తిప్పి, కారు పక్కకు వంగి వాంతి చేసుకుంటుంటే ఈదురుగాలికి కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. ఇంకో జత జేబులో ఉంది. ఆ రెండో జత కళ్ళద్దాలంత ఇష్టమైన వివరం నాకు ఆ రేసు మొత్తంలో లేదు. చావంటే లెక్కలేని మనిషి రెండో జత తెచ్చుకోడు.

నా వాదనకు అడ్డొచ్చే సంగతులూ ఆ రోజులో ఉన్నాయి, వాటిని దాచను. రెండో స్థానంలో వచ్చిన మెర్సిడెస్ జట్టు డ్రైవరు ఫాంజియో అరగంట పైగా వెనకబడ్డాడు. అతను కాగితమూ తోడూ లేకుండా ఒక్కడే నడిపాడు. అయితే అతని ఇంజనులో ఇబ్బంది వచ్చిన మాట నిజం, కాబట్టి తేడా అంతా కాగితానిదే అనలేను. ఇంకొకటి, రేసు ముందు ఫాంజియో ఇచ్చిన ఒక మాత్ర మాస్ వేసుకున్నాడు. అందులో ఏముందో తనకు ఎప్పటికీ తెలియలేదని తర్వాత చెప్పాడు. మలుపు మలుపునూ కాగితం మీద పెట్టిన మనుషులు, ఒంట్లోకి పోయేదాని గురించి అడగలేదు. ఆ కాలం శ్రద్ధ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఆ కాగితం ఆలోచన పుట్టింది జెంకిన్సనూ, జాన్ ఫిచ్ అనే అమెరికన్ డ్రైవరూ మాట్లాడుకుంటుండగా. దారి కొట్టినపిండి అయిన ఇటాలియన్లను బయటివాళ్ళు ఎలా ఓడించాలన్నది వాళ్ళ ప్రశ్న. మాస్ దగ్గర గెలవగల కారు ఉంది గనుక నువ్వు అతనితోనే వెళ్ళమని ఫిచ్ జెంకిన్సన్‌ను వదిలేశాడు. తను వేరే మనిషిని పక్కన పెట్టుకుని, జనం కొనుక్కునే రకం 300 ఎస్‌ఎల్ నడిపి మొత్తం మీద అయిదో స్థానంలో వచ్చాడు. ఈ ఫిచ్‌ను గుర్తుపెట్టుకోండి.

ఆరు వారాల తర్వాత

జూన్ 11, ఫ్రాన్స్‌లోని లే మాన్. ఇరవైనాలుగు గంటల రేసు మొదలై రెండున్నర గంటలైంది. జరిగింది అందరికీ తెలిసిందే. మైక్ హాథార్న్ తన జాగ్వార్‌ను పిట్స్‌లోకి, అంటే రేసు మధ్యలో కార్లు ఆగే చోటికి, తిప్పడానికి బ్రేకు వేశాడు. వెనకున్న లాన్స్ మాక్లిన్ ఆస్టిన్-హీలీ అతన్ని తప్పించుకోబోయి ఎడమకు జరిగింది. దాని వెనక పెద్ద వేగంతో వస్తున్న పియెర్ లెవెగ్ మెర్సిడెస్, హీలీ వెనక భాగం మీదికెక్కి గాల్లోకి లేచింది. మట్టికట్టకు తగిలి బద్దలైంది. ఇంజను, ముందు భాగాలు జనంలోకి దూసుకుపోయాయి. ఎనభైమందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. లెవెగ్ కూడా.

ఇన్నేళ్ళుగా జనం అడుగుతున్నది ఒకటే: తప్పెవరిది? హాథార్న్‌దని కొందరు, మాక్లిన్‌దని కొందరు, లెవెగ్ వయసు 49 గనుక చేతులు ఆడలేదని కొందరు. హాథార్న్ తన పుస్తకంలో రాసిన తీరుకు మాక్లిన్ పరువునష్టం దావా వేశాడు. 1959 జనవరిలో హాథార్న్ మామూలు రోడ్డు మీద కారు ప్రమాదంలో చనిపోవడంతో అది తేలకుండానే పోయింది.

ఈ ప్రశ్నే తప్పు దారి పట్టిస్తోందని నాకనిపిస్తుంది. 1923లో అక్కడ మొదటి రేసు గెలిచిన కారు సగటు వేగం గంటకు 92 కిలోమీటర్లు. 1955లో హాథార్న్ అన్నిటికన్నా వేగంగా తిరిగిన చుట్టు సగటు దాదాపు 197. వేగం రెట్టింపు దాటింది. పిట్స్ ముందు రోడ్డు మాత్రం అప్పటి మనసుతోనే ఉంది. పిట్స్‌కూ రేసు దారికీ మధ్య గోడ లేదు. ఆగాల్సిన కార్లు వేగం తగ్గించుకోవడానికి విడిగా దారి లేదు. అవతలి పక్క మట్టికట్ట వెనకే జనం. జాగ్వార్‌కు డిస్క్ బ్రేకులున్నాయి. చాలా తక్కువ దూరంలో ఆగగలదు. మెర్సిడెస్‌కు డ్రమ్ బ్రేకులు. అవి చాలవని వెనక రెక్కలాంటి గాలి బ్రేకు కూడా పెట్టారు. వేర్వేరు దూరాల్లో ఆగే కార్లను, వేర్వేరు వేగాల కార్లను ఒకే ఇరుకు రోడ్డు మీద కలిపి వదిలారు. పైగా మెర్సిడెస్ ఒళ్ళంతా మెగ్నీషియం కలిసిన లోహం, తేలికగా ఉంటుందని. అంటుకుంటే నీళ్ళకు ఆరదు, ఇంకా మండుతుంది.

ఈ సంగతి అప్పుడెవరికీ తెలియదా? లెవెగ్‌కు తెలుసు. పిట్స్ ముందు రోడ్డు ఈ కార్లకు బాగా ఇరుకని, ఏదో ఒక సంకేతాల ఏర్పాటు ఉండాలని లెవెగ్ తనతో అన్నట్టు అతని జోడీ డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆ జోడీ డ్రైవరు జాన్ ఫిచ్. ప్రమాదం జరిగినప్పుడు తన వంతు కోసం ఎదురుచూస్తూ లెవెగ్ భార్యతో ఉన్నాడు.

లెవెగ్ గురించి ఒక్కమాట చెప్పకుండా ముందుకు పోలేను. 1952లో ఇదే రేసును అతను ఒంటరిగా, జోడీకి స్టీరింగు ఇవ్వకుండా, దాదాపు 23 గంటలు నడిపి నాలుగు చుట్లు ముందున్నాడు. ఆఖర్న ఇంజను పోయింది. గెలుపు మెర్సిడెస్‌కు దక్కింది. ఆ పట్టుదల చూసే మెర్సిడెస్ మేనేజరు నాయ్‌బావర్ అతన్ని గుర్తుపెట్టుకుని 1955లో కారిచ్చాడు. చనిపోయే ముందు క్షణంలో లెవెగ్ చెయ్యెత్తి వెనకవాళ్ళను హెచ్చరించాడని, అందువల్లే తాను బతికానని, వెనకే వస్తున్న ఫాంజియో ఆఖరిదాకా నమ్మాడు. ఆ వేగంలో అంత తీరిక ఉంటుందా అని సందేహించేవాళ్ళున్నారు. నాకూ తేల్చుకోవడం కష్టమే. కానీ ఫాంజియో అంతటివాడు ఆ చేతిని చూశానంటే కొట్టిపారేయలేను.

రేసు ఆపలేదు. ఒక్కసారిగా జనమంతా బయటికొస్తే అంబులెన్సులకు దారి ఉండదని నిర్వాహకులన్నారు. ఈ విషయంలో నాకిప్పటికీ రెండు మనసులే. మొదటి కొన్ని గంటలకు ఆ కారణం సరిపోతుంది. మర్నాడు సాయంత్రం నాలుగింటిదాకా నడపడానికి సరిపోదు. అర్ధరాత్రి దాటాక స్టుట్‌గార్ట్‌లోని కంపెనీ పెద్దల నుంచి కబురొచ్చి మెర్సిడెస్ తన కార్లను వెనక్కి పిలిచింది. అప్పటికి ముందున్నది మాస్, ఫాంజియోల కారే. తప్పుకోవాలని గట్టిగా చెప్పినవాళ్ళలో ఫిచ్ ఒకడు. తప్పుకుంటే పోయినవాళ్ళు తిరిగిరారు కదా అని మాస్‌కు అది నచ్చలేదు. జాగ్వార్ వాళ్ళు ఆపలేదు, హాథార్న్, అతని జోడీ బ్యూబ్ గెలిచారు. 

నన్ను అన్నిటికన్నా బాధించే సంగతి మరుసటేడు జరిగింది. 1956 రేసునాటికి పిట్స్ పడగొట్టి కొత్తగా కట్టారు. రోడ్డు వెడల్పు చేశారు. స్టాండ్లు వెనక్కి జరిపారు. ఏడాదిలో అయిన పని అది. 1954లో కూడా అయ్యేది. డబ్బూ, ఇటుకా, తెలివీ అన్నీ అప్పుడూ ఉన్నాయి. డ్రైవర్ల ధైర్యాన్ని పొగిడే అలవాటు ఆ పనిని వెనక్కి నెట్టిందని నా అనుమానం. ఎవరైనా ఇరుకు రోడ్డు గురించి మాట్లాడితే పిరికివాడనే పేరొస్తుంది. ఆ పేరుకు భయపడి నోరు మూసుకున్నవాళ్ళు ఎంతమందో.

"వాళ్ళు కోరుకున్నదే కదా"

నా స్నేహితుడి వాదనకు బలమైన రూపం ఒకటుంది. దాన్ని చెప్పింది మాస్ స్వయంగా. ప్రమాదం ఉంది గనుకే తనకు రేసింగు ఇష్టమని ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తర్వాతి తరం భద్రత కోసం పోరాడినప్పుడు అతనికి అంతగా రుచించలేదు. అంతటివాడు చెప్పినప్పుడు నేను కాదనడానికి ఎవర్ని?

ఇందులో నిజముందని ఒప్పుకుంటాను. ఈనాటి ట్రాకు మీద మలుపు తప్పితే కొన్ని సెకన్లు పోతాయి. అప్పుడు గోడో చెట్టో ఎదురయ్యేది. అందువల్ల హద్దుకు ఎంత దగ్గరగా వెళ్ళాలి, ఎంత దూరంలో ఆగాలి అనే తూకం ప్రతి మలుపులో కట్టాల్సి వచ్చేది. ఆ తూకం ఒక కళ. కార్లకు వేగం పెరిగాక, ట్రాకులకు వెడల్పు పెరిగాక ఆ కళలో కొంత పోయింది. ఇది నష్టమే.

కానీ మాస్ తన ప్రాణం గురించి చెప్పాడు. గ్విడిజోలో పిల్లల గురించి చెప్పలేదు. 1957 మే 12న మిల్లె మిల్యా ముగిసే చోటికి కాస్త ముందు, ఆ ఊరి దగ్గర తిన్నని రోడ్డు మీద అల్ఫోన్సో ద పోర్తాగో ఫెరారీ టైరు పగిలింది. 28 ఏళ్ళ ఆ స్పెయిన్ జమీందారూ, పక్కన కూర్చున్న ఎడ్మండ్ నెల్సనూ, రోడ్డు పక్కన చూస్తున్న తొమ్మిదిమందీ పోయారు. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు పిల్లలు. ఆ రేసు పేరు చెబితే ఇవాళ్టికీ అచ్చయ్యే ఫోటో వేరు. దారిలో రోములో ఆగినప్పుడు నటి లిండా క్రిస్టియన్ పోర్తాగోను ముద్దుపెట్టుకుంటున్న ఫోటో అది. ప్రేమ, అందం, చావు అన్నీ ఒక్క చట్రంలో. ఆ ఫోటో తెలిసినవాళ్ళలో ఆ పిల్లల పేర్లు తెలిసినవాళ్ళు ఎందరు?

జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చారు కదా అనొచ్చు. నిజమే, ఇటలీలో ఆ రేసు పండగలా ఉండేది, కార్లు పట్టే సందు మాత్రం వదిలి రోడ్డు మీదికే వచ్చి నిలబడేవాళ్ళు. పోలీసులకు ఆపడం చేతనయ్యేది కాదు. పెద్దవాళ్ళ విషయంలో ఆ మాటకు కొంత బరువుంది. తండ్రి భుజాలమీద కూర్చున్న పిల్లవాడు మాత్రం దేన్నీ ఎంచుకోలేదు. ఫెరారీ కంపెనీ యజమాని ఎంజో ఫెరారీ మీద కేసు పెట్టారు, 1961లో కొట్టేశారు. అక్కడా మళ్ళీ ఒక్క మనిషిని పట్టుకుంటే సరిపోతుందనే ఆలోచనే.

ఆ 1957 రేసు గెలిచింది యాభై ఏళ్ళ పియెరో తారుఫి. ఇంజనీరు. ఏళ్ళ తరబడి ప్రయత్నించి గెలిచి, భార్యకిచ్చిన మాట ప్రకారం అంతటితో రేసులు మానేశాడు. అదే ఏడాది ఒక అమెరికన్ పత్రికలో, జనం తిరిగే రోడ్ల మీద ఇలాంటి రేసులు ఆపాలని రాశాడు. గెలిచినవాడు, ఆ దారి మీద ప్రేమతో సగం జీవితం గడిపినవాడు ఆ మాట అంటే పిరికితనం అనలేం.

బ్రిటిష్ డ్రైవరు ఆర్చీ స్కాట్ బ్రౌన్ కథ నాకు ఇంకా మింగుడుపడదు. పుట్టుకతోనే కాళ్ళు పొట్టి, కుడిచెయ్యి మొండి. ఎడమచెయ్యీ ఆ మొండిచెయ్యీ ఆనించి లిస్టర్-జాగ్వార్‌ను నడుపుతుంటే పెద్ద కంపెనీల కార్లు వెనకబడేవి. 1954లో అధికారులు అతని చెయ్యి చూసి, తోటివాళ్ళకు ప్రమాదమని లైసెన్సు తీసేసుకున్నారు; తర్వాత తిరిగిచ్చారు. 1958 మేలో బెల్జియంలోని స్పాలో తడిసిన మలుపులో అతని కారు రోడ్డు పక్కనున్న సూచిక స్తంభానికి తగిలి, అదుపు తప్పి కాలిపోయింది; ఆ గాయాలతో అతను చనిపోయాడు. అది జరిగిన చోటికి దగ్గర్లోనే 1939లో అదే మలుపులో చనిపోయిన మరో డ్రైవరు డిక్ సీమన్ స్మారకం ఉంది. ఒక మనిషి చెయ్యి ప్రమాదమని తేల్చగలిగిన కళ్ళకు, మనుషుల్ని చంపిన మలుపు పక్కన ఆ స్తంభం ఇరవై ఏళ్ళలో కనిపించలేదు.

బెల్టుల సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ డ్రైవర్లను కొంత అర్థం చేసుకోగలను. కారు బోల్తాపడితే బయటికి విసిరేయబడటమే మేలని యూరప్ డ్రైవర్లు నమ్మేవాళ్ళు. పెట్రోలు ట్యాంకు పగిలి మంట లేస్తే లోపల కట్టేసుకుని ఉండాలని ఎవరనుకుంటారు? ఆ కార్లలో అది లెక్కవేసుకున్న నిర్ణయమే. బెల్టు పెట్టుకోకపోవడంలో చావును లెక్కచెయ్యనితనం లేదు. రెండు చావుల్లో తక్కువ అవకాశమున్నదాన్ని ఎంచుకోవడం ఉంది. అలాంటి ఎంపిక ముందు నిలబెట్టినవాళ్ళను వదిలి, నిలబడ్డవాడి గుండెనిబ్బరాన్ని మెచ్చుకోవడం నావల్ల కాదు.

జాన్ ఫిచ్ తర్వాత చేసింది

ఫిచ్ యుద్ధంలో ఫైటర్ పైలట్. జర్మన్ జెట్ విమానాన్ని కూల్చాడు, తర్వాత తనూ కూలి జర్మన్లకు బందీగా చిక్కాడు. ధైర్యం విషయంలో అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. లే మాన్ తర్వాత మూడు నెలలకు ఉత్తర ఐర్లండ్‌లోని డండ్రాడ్‌లో మాస్‌తో కలిసి టూరిస్ట్ ట్రోఫీ గెలిచాడు. కంచెలూ కట్టలూ మధ్య ఇరుకు పల్లెరోడ్డు అది. ఆ రోజు ముగ్గురు డ్రైవర్లు చనిపోయారు. ఏడాది చివర మెర్సిడెస్ రేసుల నుంచే తప్పుకుంది.

ఫిచ్ మాత్రం రేసులు వదల్లేదు, లే మాన్‌లోని ఆ సాయంత్రాన్నీ మర్చిపోలేదు. తర్వాతి ఏళ్ళలో అతను తయారుచేసింది హైవేల మీద ఇప్పుడు అమెరికా అంతటా కనిపిస్తుంది. ఫ్లైఓవర్ స్తంభాల ముందు, రోడ్డు రెండుగా చీలే చోట, వరసగా పెట్టిన పసుపుపచ్చ ప్లాస్టిక్ పీపాలు. లోపల ఇసుక. ముందు పీపాలో తక్కువ, వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. కారు వచ్చి గుద్దితే ఒక్కొక్కటే పగులుతూ వేగాన్ని మెల్లమెల్లగా తాగేస్తాయి. యుద్ధంలో విమానాల కాల్పుల నుంచి కాపాడుకోవడానికి గుడారం చుట్టూ ఇసుక నింపిన పెట్రోలు డబ్బాలు పేర్చుకున్న జ్ఞాపకం నుంచి ఆ ఆలోచన వచ్చింది. వాటివల్ల బతికినవాళ్ళలో రేసు పేరైనా విననివాళ్ళే ఎక్కువ.

భద్రత గురించి మాట్లాడేవాడికి వేగం రుచి తెలియదని అనేవాళ్ళుంటారు. నా స్నేహితుడూ ఆ రోజు అదే అన్నాడు. అతనికి ఫిచ్ కథ మొత్తం చెప్పాను, చివరి ముక్కతో సహా. ఆ పీపాల మనిషి 87 ఏళ్ళ వయసులో పాత 300 ఎస్‌ఎల్ ఒకటి వేసుకుని, వేగం రికార్డు కొట్టాలని అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానానికి వెళ్ళాడు. కారు మొరాయించి రికార్డు రాలేదు. 2012లో, 95 ఏళ్ళు నిండి చనిపోయాడు.